గోడవైపు తిరిగి విన్న పంపు

మా షెడ్డుకంతటికీ ఒకే టెలిఫోను. అది నా డ్రాయింగు బల్ల మీదే ఉండేది. రాజాజీనగర్ ఇండస్ట్రియల్ ఎస్టేటులో, రేకుల కప్పు కింద, ప్లాస్టిక్ అచ్చు యంత్రాలు రెండూ లేతు ఒకటీ పెట్టుకుని మా యజమాని చేతిపంపులు చేయించేవాడు. బావిలో దించే పంపులు కావు. డబ్బా మూతికి బిగించి, పైనున్న గుండీ ఒత్తితే ముక్కులోంచి సబ్బునీళ్ళో ఫినాయిలో వచ్చే చిన్నవి. హోటళ్ళవాళ్ళు, ఆసుపత్రులవాళ్ళు కొనేవాళ్ళు. నేను అక్కడ ట్రేసర్ని. పాలిటెక్నిక్‌లో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, ఎనభైల మొదట్లో, ఇరవై రెండేళ్ళ వయసులో చేరాను. పెన్సిల్ డ్రాయింగు మీద పల్చటి కాయితం పరిచి సిరాతో దిద్దడం నా పని. షెడ్డులో ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఫోను కూడా నా నెత్తిన పెట్టారు. ఆడగొంతు వినపడితే అవతలివాళ్ళు మెత్తబడతారని యజమాని ఆశ. వారం తిరక్కుండానే ఆ ఆశ వదులుకున్నాడు.

నాకు కోపం ఎక్కువ. కబ్బన్‌పేట సందులో పుట్టాను. నాలుగువైపులా మగ్గాలు ఆడుతుంటే, ఆ చప్పుడు మీదుగా అరిస్తే తప్ప మంచినీళ్ళు కూడా దొరకని ఇల్లు మాది. అరవడం నాకు మాట్లాడడంతో పాటే వచ్చింది. రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కుడిచేత్తో గీత గీస్తూ, పంపు పనిచెయ్యడం లేదని ఫోను చేసినవాళ్ళని కడిగేసేదాన్ని. ఎవరు ఫోను చేసినా తప్పు వాళ్ళదే. మూత సరిగా బిగించలేదు, గొట్టం పూర్తిగా దించలేదు, గుండీ నిండా ఒత్తలేదు. ఫోను మాట్లాడనప్పుడు కూడా రిసీవరు నా చేతిలోనే ఉండేదని మేస్త్రి వెక్కిరించేవాడు. కోలారు పక్క తెలుగాయన, మా లేతు మీద పనిచేసే పెద్దాయన. "రాత్రికి దాన్ని ఇంటికి దీస్కపో అమ్మా, తీగ పొడుగు చేయిస్తా" అనేవాడు.

ఆ పంపులకి ఒక జబ్బు ఉండేది. ఒత్తి వదిలాక ముక్కు చివర ఒక చుక్క వేలాడేది. కాసేపు అలాగే ఉండి, ఎవరూ చూడనప్పుడు కింద పడేది. ఫినాయిలు పంపుకి ఆ చుక్కతో వచ్చిన నష్టం లేదు. కింద గిన్నె పెట్టుకోమని చెప్పి ఫోను పెట్టేసేదాన్ని. ఆ చుక్క సంగతి నేను పట్టించుకున్నది మా పెద్దనాయన కోసమే.

మా నాన్నకి అన్న ఆయన. ఆనేకల్‌లో రంగుల పని. చీరలు నేసేవాళ్ళకి పట్టునూలు రంగు వేసి ఇచ్చేవాడు. పొయ్యి మీద పెద్ద రాగి బాన, అందులో కాగే రంగునీళ్ళు, అడ్డకర్రలకి తగిలించిన నూలు చుట్టలు, లడులంటారు వాటిని. రంగు నూలుకి పట్టాలంటే చివర్లో నీళ్ళలో యాసిడ్ కలపాలి. ఆ ఇంట్లో దాన్ని పులుపు అంటారు. పులుపు ఒకేసారి పొయ్యకూడదు. లడులన్నీ బానలో ఒక పక్కకి జరిపి, ఖాళీ అయినచోట కాస్త పోసి, కలిపి, లడులు మళ్ళీ పరిచి, కాసేపాగి మళ్ళీ కాస్త. అలా నాలుగైదుసార్లు. పులుపు చుక్క నేరుగా నూలు మీద పడిందో, పడినచోటికి రంగంతా ఎగబడి పట్టేస్తుంది. చిక్కటి మచ్చ. ఎన్ని నీళ్ళలో ఉతికినా పోదు. చీర నేశాక నడుం మీదో కొంగు మీదో తేలుతుంది.

ముప్పై ఏళ్ళుగా పెద్దనాయన పులుపుని ఇత్తడి చెంబుతో పోసేవాడు. ఆయన చేతి కింద మచ్చ పడ్డ నూలు లేదని చిక్కపేట కొట్లలో చెప్పుకునేవాళ్ళు. అలాంటి మనిషి ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు, స్నానానికి బచ్చలింట్లోకి వెళ్ళి, అక్కడ నేను పెట్టిన సబ్బు పంపుని చూశాడు. బొటనవేలితో ఒత్తి, మళ్ళీ ఒత్తి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. భోజనాల దగ్గర, ఎటో చూస్తూ, అది పులుపుకి పనికొస్తుందా అని అడిగాడు. నాకు భలే గర్వమయింది. పాతకాలం మనిషి నా షెడ్డు సామాను అడుగుతున్నాడని. ముప్పై ఏళ్ళు చెంబుతో పోసినాయనకి ఇప్పుడు పంపు ఎందుకు కావాల్సొచ్చిందని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

పంపు ఇచ్చాను. బాన మీద అడ్డంగా పలక వేసి, దాని మీద పులుపు డబ్బా పెట్టి, ముక్కు బానలోకి ఉండేలా అమర్చుకున్నాడు. పోసేటప్పుడు బాగానే ఉంది. లడులు మళ్ళీ పరిచాక, ముక్కున వేలాడే ఆ చుక్క పడింది. ఆ విడత నూలుని చిక్కపేట సావుకారు వెనక్కి పంపించాడు. ఇంకోసారి మచ్చ కనిపిస్తే పని దొడ్డబళ్ళాపురంలో వేయించుకుంటానని కబురు చేశాడు. ఆయనొక్కడే పెద్దనాయనకి పని ఇచ్చేవాడు. మిగతావాళ్ళు అప్పటికే ఒక్కొక్కరే తగ్గిపోయారు. అరవై దాటినాయన. ఇంటి వెనక ఆయన రంగుల కొట్టంలో పని ఆగిపోతే, ఆయన్ని ఇంకెవరి కొట్టంలోనూ పనికి పెట్టుకోరు. ఇవన్నీ మా నాన్న చెబితే తెలిశాయి. పెద్దనాయన మాత్రం బియ్యం మిల్లు నుంచి ఫోను చేసి ఒక్క మాటే అన్నాడు. "అమ్మణ్ణీ, ముక్కుకు చుక్క నిలబడతాండాది. దానికి ఏమన్నా జేసేకయితాదేమో సూడు."

ఆనేకల్‌లో వాళ్ళ వీధిలో ఫోను ఉన్నది బియ్యం మిల్లులోనే. అక్కడికి నడిచి వెళ్ళి ట్రంకు కాలు బుక్ చేసి, మిల్లు గోలలో నిలబడి మాట్లాడేవాడు.

నేను పనిలో దిగాను. డ్రాయింగులు దిద్దేదాన్నే కానీ గీసేదాన్ని కాదు, కాబట్టి అది నా మొదటి సొంత డ్రాయింగు. పంపు లోపల రెండు గాజు గోళీలుంటాయి. కింది గోళీ డబ్బాలోంచి పైకి రానిస్తుంది, వెనక్కి పోనివ్వదు. పై గోళీ ముక్కులోకి వదిలి మూసుకుంటుంది. ఆ పై గోళీ ఉండే గదిని కాస్త ఎత్తు చేశాను. అప్పుడు గోళీ ఆలస్యంగా దిగుతుంది. అది దిగేలోపు, పైకి లేస్తున్న గుండీ ముక్కులో మిగిలినదాన్ని లోపలికి లాక్కుంటుంది. ముక్కు ఖాళీ, ఇక పడడానికి చుక్కే ఉండదు. మేస్త్రి లేతు మీద తిప్పి ఇచ్చాడు. న్యూస్‌పేపరు పరిచి, దాని మీద ముక్కు పెట్టి, మేస్త్రి అరచేత్తో దబదబ పదిసార్లు ఒత్తాడు. మధ్యాహ్నం దాకా కాయితం మీద ఇంకో చుక్క పడలేదు. యజమాని వచ్చి చూసి, కాయితాన్ని వేలితో తడిమి, నా వైపు మొదటిసారి మర్యాదగా చూశాడు.

ఆనేకల్ బస్సు కండక్టరుకి ఇచ్చి పంపించాను. నాలుగు రోజులకి ఫోను. చుక్క నిలబడుతోందట. గుండీ నిండా అడుగుదాకా ఒత్తి ఒకేసారి వదలమన్నాను. అట్లనే ఒత్తుతున్నానన్నాడు. నేను నమ్మలేదు. గుండీ కింది స్ప్రింగు మెత్తగా ఉండి తిరిగి లేవడం ఆలస్యమవుతోందేమో అని, ఇంకా గట్టి స్ప్రింగు వేసి మళ్ళీ పంపించాను. మా షెడ్డులో అది అద్భుతంగా పనిచేసింది. వదిలితే గుండీ టపీమని లేచేది.

దానితో ఇంకో విడత పాడయింది. ఈసారి సావుకారు తనే ఆనేకల్ వచ్చి, లడిని పెద్దనాయన కళ్ళముందు విప్పి, మచ్చల మీద వేలు పెట్టి చూపించాడట. అరవలేదట. ఒక పెళ్ళికి లేత గులాబి రంగు నూలు కావాలని, ముప్పై ఏళ్ళ సంబంధం కాబట్టి ఆ ఒక్క విడతా ఇస్తున్నానని, అది సరిగా రాకపోతే ఇక రానని చెప్పి వెళ్ళాడట. లేత రంగు మీద ఆవగింజంత మచ్చ కూడా దాగదు.

ఆ సంగతి చెప్పడానికే పెద్దనాయన ఫోను చేశాడు. పంపు ఇప్పుడు ఇంకా ఎక్కువ కారుతోందని కూడా అన్నాడు. ఆ ముక్క వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు వారాలు నా పని. షెడ్డులో అందరి ముందూ పనిచేసిన పంపు. మీరు అనడం కూడా మరిచిపోయాను.

"నీకు చేతగాకుంటే చేతనయ్యేవాళ్ళతో ఒత్తించు పెద్దనాయనా. పంపుకేం రోగం లేదు. రోగమంతా నువ్వు ఒత్తే దాంట్లోనే ఉండాది."

అవతల మిల్లు చప్పుడు వినిపిస్తూనే ఉంది. దాని మీదుగా ఆయన అన్నాడు. "సరేమ్మా. నేనే సూసుకుంటా."

ఆ మిల్లు ఫోను గొంతు పెద్దది. బియ్యం పట్టించడానికి వచ్చినవాళ్ళంతా విన్నారు. రెండు రోజుల్లో అది కబ్బన్‌పేట చేరింది. మా నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కూర్చుని చెప్పులు విప్పుకుంటూ, "మా అన్న ముందర నేను ఈ పొద్దుటికీ కుర్చీలో కూచోను" అన్నాడు. అంతే. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆదివారం ఆనేకల్ బస్సెక్కాను. నిజం చెప్పాలంటే క్షమించమని అడగడానికి కాదు. పంపు తప్పు కాదని ఆయన ఇంట్లోనే చూపించి రావాలని. చందాపుర దాటేదాకా మనసులో వాదిస్తూనే ఉన్నాను.

పెద్దమ్మ ఎప్పటిలాగే కాఫీ ఇచ్చింది. నాకు నిండు లోటా, ఆయనకి సగం లోటా. ఆయన తాగేశాక ఇంకో సగం పోసింది. పెద్దమ్మకి పొదుపు ఎక్కువని చిన్నప్పటినుంచీ అనుకునేదాన్ని. ఈ సగం లోటాల వరస మాత్రం ఈమధ్య మొదలయిందేనని అప్పుడు తట్టలేదు.

కొట్టంలోకి వెళ్ళి, డబ్బాలో నీళ్ళు పోసి, నేనే పంపు ఒత్తి చూపించాను. పదిసార్లు. చుక్క లేదు. చూశారా అన్నట్టు ఆయన వైపు తిరిగాను.

"నీ చేతిలో కారల్యా" అన్నాడు పెద్దనాయన. కోపంగా కాదు. ఉన్నమాట చెప్పినట్టు.

అయితే మీరు ఒత్తండి, చూస్తాను, అన్నాను. ఆయన నవ్వి, పంపు పరీక్షకని ఇంట్లో మిగిలిన నూలుకి వేస్తున్న పసుపు రంగు విడత ఒకటి పొయ్యి మీద ఉంది, పులుపు వేసే వేళయింది, మీరిద్దరూ గోడవైపు తిరగండి అన్నాడు.

ఆ ఇంట్లో అదొక కట్టడి. పులుపు పడే వేళ రంగు నూలుని పట్టుకుంటుంది. ఆ క్షణంలో దాని మీద ఇంకొకరి చూపు పడకూడదని వాళ్ళ తాతల నుంచీ నమ్మకం. రంగు వేసేవాడు తప్ప కొట్టంలో ఎవరున్నా గోడవైపు తిరిగి నిలబడాలి. మాట్లాడకూడదు. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడు అది మాకు ఆటలా ఉండేది. తిరిగి చూస్తే కళ్ళు రంగు మారతాయని భయపెట్టేవాళ్ళు. పాలిటెక్నిక్ చదివాక దాన్ని మూఢనమ్మకం అనేదాన్ని, అయినా తిరిగేదాన్ని. ఆయన కొట్టం, ఆయన మాట. కానీ దాని వల్ల జరిగిందేమిటంటే, ఆయన పులుపు పోస్తుండగా నేను నా జన్మలో ఎప్పుడూ చూడలేదు. ఎవరూ చూడలేదు. ఏ చెయ్యి ఒత్తుతుందో చూడకుండానే దానికి రెండు పంపులు చేశాను.

నేనూ పెద్దమ్మా పక్కపక్కన గోడవైపు తిరిగాం. సున్నం పెళ్ళలూడిన గోడ. వెనక నీళ్ళు సలసల కాగుతున్నాయి. ఆయన లడులు జరుపుతున్న చప్పుడు వినపడింది. తర్వాత పంపు చప్పుడు.

నా పంపు చప్పుడు నాకు తెలుసు. వందలసార్లు విన్నాను. నిండా ఒత్తితే స్ప్రింగు ఒక్క మూలుగు మూలిగి అడుగున ఠక్కుమంటుంది. వదిలితే గుండీ టపీమని పైకొస్తుంది. నాకు వినపడింది అది కాదు. స్ప్రింగు కాస్త మూలిగి ఆగిపోయింది. మళ్ళీ కాస్త. మళ్ళీ రెండు, వెంటవెంటనే, చిన్నవి. తర్వాత గుండీ అంచు దాని గూటికి తగులుతూ కటకటమని కొట్టుకుంది, చలికి పళ్ళు కొట్టుకున్నట్టు. అడుగున ఠక్కుమనడం ఒక్కసారి కూడా వినపడలేదు. మళ్ళీ మొదలు. ఊపిరి బిగబట్టి ఒత్తుతున్నాడు. ఆ ఊపిరి కూడా వినపడింది.

ఇక ఆగింది. లడులు పరిచాడు. కాసేపటికి, వాటి అడ్డకర్ర మీద, టప్.

నాకు తల తిరగబోయింది. అంటే నిజంగానే వెనక్కి తిరగబోయాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

"తిరగొద్దు" అంది, నాకు మాత్రమే వినపడేలా.

ఆమెకి తెలుసు. సగం లోటా కాఫీ ఎందుకో నాకు అప్పుడు అర్థమయింది. నిండు లోటా ఆ చేతిలో తొణుకుతుంది. చెంబు ఎందుకు పక్కనపెట్టాడో, మా బచ్చలింట్లో పంపు దగ్గర అంతసేపు ఎందుకు నిలబడ్డాడో అర్థమయింది. చెయ్యి వణికినా పులుపు ఒకేచోట పడేది అదొక్కటే. దాన్ని నమ్ముకుని ముప్పై ఏళ్ళ పేరు ఇంకొన్నాళ్ళు నిలుపుకుందామనుకున్నాడు. ఆయన కారుతోందన్నప్పుడు నేను చేసిందేమిటి? ఇంకా గట్టి స్ప్రింగు వేశాను. ఆ పైన, ఊరంతా వింటుండగా, చేతగాకుంటే అన్నాను.

ఇక ఇటు తిరగండి అని ఆయన అన్నాక తిరిగాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. బానలో పసుపు మెరుస్తోంది. పంపు ఇంకా బాగుచెయ్యాలి, తీసుకుపోతాను, అన్నాను. ఏం తప్పు కనిపించిందని అడిగాడు. ముక్కులో తప్పుందని చెప్పాను. అది అబద్ధం కాదు. తప్పంతా ముక్కులోనే ఉంది, నాకు ఇంతకాలం కనపడలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. నా పంపు చుక్కని వెనక్కి లాక్కోవడానికి మనిషి చేతిని నమ్ముకుంది. చెయ్యి నిండా ఒత్తి, ఒక్కసారి వదిలితేనే దానికి బలం. కాస్త కాస్త ఒత్తే చేతికి అది కాస్త కూడా లాగదు. కాబట్టి చేతితో పనిలేకుండా ముక్కు తనంతట తనే మూసుకోవాలి. అదీ లోపల ఎక్కడో కాదు, ముక్కు చివరి అంచున, పెదవి దగ్గరే. మూత వెనక గొట్టంలో ఎంత మిగిలినా పరవాలేదు. మూత ముందర వేలాడడానికి చోటే ఉండకూడదు.

సోమవారం మేస్త్రికి చెప్పాను. ముక్కు చివర లోపల ఒక చిన్న శంకువు, దాని వెనక సన్నటి స్ప్రింగు. లోపల ఒత్తిడి వస్తే శంకువు వెనక్కి జరిగి దారి ఇవ్వాలి. ఒత్తిడి తగ్గగానే ముందుకొచ్చి పెదవిని మూసెయ్యాలి. పులుపు తినెయ్యకుండా శంకువుని టెఫ్లాన్‌లో తిప్పాలి. ఎస్.పి. రోడ్డు పాతసామాను కొట్లో జానెడు టెఫ్లాన్ కడ్డీ ముక్క దొరికింది. గుండీ కింది గట్టి స్ప్రింగు తీసేసి, మా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మెత్తటిది వెయ్యమన్నాను.

మేస్త్రి బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు. "నిన్నటిదాకా గట్టిది గట్టిది అంటివి. మెత్తది ఏస్తే గుండీ నిద్రబోతాదమ్మా."

పోనీ, అన్నాను. పరీక్ష కూడా మార్చాను. దబదబ ఒత్తొద్దు, కాస్త కాస్త, ముక్కలు ముక్కలుగా ఒత్తమన్నాను.

"అట్ల ఎవురు ఒత్తుతారు? మీ పెద్దనాయన పంపుతో వీణ వాయిస్తాడా ఏమి?"

నేను బల్ల మీద న్యూస్‌పేపరు పరిచాను. నేను ఎదురు మాట అనకపోవడం ఆయనకి వింతగా తోచినట్టుంది. నా మొహం చూసి, బీడీ మళ్ళీ జేబులో వేసుకుని, ఇంకేం అడగలేదు. కానీ ఆయన చెయ్యి ఇనుం పట్టిన చెయ్యి. ఎంత ప్రయత్నించినా ముక్కలుగా ఒత్తడం రాలేదు. చివరికి దారి ఆయనే చెప్పాడు. లేతులో ఇనుప కడ్డీని బిగించి పట్టుకునే చక్కు చాలా బరువు. దాన్ని నేల మీంచి బల్ల మీదికి వరసగా పన్నెండుసార్లు ఎత్తి దించాడు. అప్పుడు చెయ్యి దానంతట అదే వణికింది. ఆ చెయ్యి వణుకుతుండగానే వచ్చి పంపు ఒత్తాడు. రోజుకి రెండుసార్లు అలా ఎత్తాడు. నడుం పట్టేసిందని తిట్టాడు, అయినా ఎత్తాడు.

మొదటి శంకువు చుక్కని ఆపింది కానీ వణికే చేతికి తెరుచుకోలేదు. తెరుచుకున్నప్పుడు పక్కకి చిమ్మింది. సన్నటి స్ప్రింగుని ఒక్కో చుట్టూ కత్తిరిస్తూ వచ్చాం. ఎక్కువ కత్తిరిస్తే పెదవి చెమర్చేది. నాలుగో శంకువుకి సంగతి తెలిసింది. తప్పు స్ప్రింగులో లేదు, పెదవి నునుపులో ఉంది. మేస్త్రి ఇత్తడి పాలిషు వేసి, పెదవి లోపలివైపు, శంకువు వాలుకి సరిపోయేలా చెక్కిన పుల్లతో, ఒక పూటంతా అరగదీశాడు. శంకువు అంచు, పెదవి అంచు ఒకటే అయిపోయాయి. ఇప్పుడు ఎంత మెత్తటి స్ప్రింగుకైనా అవి అతుక్కుంటాయి. చక్కు ఎత్తిన చేత్తో ఒత్తాడు. కాస్త కాస్తగా, తిన్నగా వచ్చింది. ఆగింది. న్యూస్‌పేపరు సాయంత్రం దాకా పొడిగా ఉంది. వేలితో ముక్కు చివర తడిమాను. తడి తగిలింది, చుక్క లేదు.

ఈసారి కండక్టరుకి ఇవ్వలేదు. నేనే తీసుకువెళ్ళాను. లేత గులాబి నూలు రంగు వేసే రోజు అది. పెద్దనాయన పంపు చేతిలోకి తీసుకుని, గుండీ మీద వేలు ఆనించి, చూశాడు.

"స్ప్రింగు శానా మెత్తగ ఉండాదే."

"హోటళ్ళలో ఆడవాళ్ళు గట్టిగా ఉందని గొడవ పెడుతున్నారు పెద్దనాయనా. అందరికీ ఇదే వేస్తున్నాం."

ఇది మాత్రం అబద్ధమే. ఎవరూ గొడవ పెట్టలేదు. పెట్టి ఉంటే నేనే కడిగేసి ఉండేదాన్ని.

"అట్లనా" అన్నాడు. "మంచి పనే."

గులాబి రంగు నీళ్ళు కాగాయి. లడులు జరిపాడు. మేం తిరిగాం. అదే గోడ. పెద్దమ్మ చెయ్యి నా చేతిలోకి వచ్చింది. చిన్న చిన్న ఒత్తుళ్ళు, మెత్తగా. ఈసారి ఊపిరి బిగబట్టిన చప్పుడు లేదు. ఆగింది. లడులు సర్దిన చప్పుడు. నేను అడ్డకర్ర మీద పడే చుక్క కోసం చెవి పెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. అరవై దాకా లెక్కపెట్టాను. నీళ్ళు కాగడం తప్ప ఏం లేదు. లడులు మళ్ళీ పక్కకి జరిపిన చప్పుడు. మళ్ళీ ఒత్తుళ్ళు, మళ్ళీ నిశ్శబ్దం. అయిదుసార్లు. అయిదుసార్లూ అరవై దాకా లెక్కపెట్టాను.

సాయంత్రం సావుకారు వచ్చాడు. దండెం మీద ఆరిన లడులని ఒక్కొక్కటే గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకువెళ్ళి, తిప్పి, వేళ్ళమధ్య విడదీసి చూశాడు. పెద్దనాయన చేతులు వెనక్కి కట్టుకుని స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. చివరి లడి చూశాక సావుకారు ఏం పొగడలేదు. వెంట వచ్చిన మనిషికి మూట కట్టమని చెప్పి, వెళ్తూ వెళ్తూ, నేరేడుపండు రంగు విడత ఒకటి వచ్చే వారం పంపిస్తానన్నాడు. పెద్దమ్మ లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

బస్సు వేళయింది. గుమ్మం దగ్గర, ఫోనులో నేను అలా అనకుండా ఉండాల్సింది పెద్దనాయనా అని మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే ఆపేశాడు. ఆ మిల్లు ఫోనులో ఏం మాట్లాడినా సగం వినపడదు, పోనీలే బిడమ్మా, అన్నాడు. ఊరంతా విన్నదాన్ని ఆయన వినలేదట.

ఆ ముక్కు తర్వాత మా షెడ్డు పంపులన్నిటికీ వచ్చింది. యజమాని దానికి అచ్చు చేయించాడు. డ్రాయింగు అంచున, మార్పు ఎందుకు చేశారో రాసే గడి ఒకటి ఉంటుంది. అందులో ఏం రాయను అని అడిగితే, చుక్క కారకుండా అని రాసెయ్యమన్నాడు. అదే రాశాను.

నా కోపం అక్కడితో పోలేదు. ఇప్పటికీ ఉంది. కానీ పంపు పనిచెయ్యడం లేదని ఎవరైనా ఫోను చేస్తే ముందు ఒక పని చేసేదాన్ని. రిసీవరుని పంపు దగ్గర పెట్టి మామూలుగా ఎలా ఒత్తుతారో అలా ఒత్తమనేదాన్ని. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు విసుక్కునేవాళ్ళు. నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని. ఎన్నిసార్లు ఒత్తారో, ఎక్కడ ఆగారో, అడుగు తగిలిందో లేదో. నాకేదో పిచ్చి పట్టిందని యజమాని మేస్త్రితో అన్నాడు. మేస్త్రి మాత్రం లేతు ఆపి, నేను వినడం అయ్యేదాకా షెడ్డులో చప్పుడు లేకుండా చూసేవాడు.

పెద్దనాయన ఆ పంపుతో మూడేళ్ళకి పైగా రంగులు వేశాడు. ఒక రోజు మధ్యాహ్నం ట్రంకు కాలు వచ్చింది. మిల్లు చప్పుడు. ఆయన గొంతు. ఏదైనా పాడయిందేమోనని కాయితం, పెన్సిలు దగ్గరికి లాక్కున్నాను.

"ఈ పొద్దు పులుపు నేను ఎయ్యల్యామ్మా. మీ పెద్దమ్మ ఏసినాది. నేను గోడకి తిరిగి నిలబడినాను."

రంగు ఎలా వచ్చిందని అడిగాను.

"బాగనే వచ్చినాది." రిసీవరు నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నట్టు గొంతు పెద్దదయింది. "గోడకి తిరిగితే అంతా ఇనపడతాదమ్మా. మీ పెద్దమ్మ ఒగటేసారి నిండా ఒత్తినాది. అడుగున ఠక్కుమనె. నాకు ఎప్పుడూ అట్ల అనల్యా."

నేను పెన్సిలు కింద పెట్టేశాను. ఆయన కూడా ఫోను పెట్టెయ్యలేదు. మూడు నిమిషాలు అయిపోయాయని ఆపరేటరు వచ్చి చెప్పేదాకా, ఇద్దరం అలాగే రిసీవర్లు పట్టుకుని నిలబడ్డాం.